మా వ్యానుకు పోసిన గానుగ నూనె

పోయిన వారం హిందూపురం నుంచి ధర్మవరం పోయే బస్సులో నిలబడి ఉన్నాను. ఒక అమ్మాయి లేచి, "ఈడ కూచో అవ్వా" అంది. వద్దన్నాను. నడుము నొప్పి ఉన్న మాట నిజమే. అయినా ఒకరు జాలిపడి ఇచ్చిన చోట కూర్చోవడం మా నాయన వైపు ఎవరికీ అలవాటు లేదు, నాకూ రాలేదు. పెనుకొండ దాటాక దిగుడులో డ్రైవరు బ్రేకు తొక్కి తొక్కి పట్టడంతో కమురు వాసన కిటికీల్లోంచి లోపలికి కొట్టింది. జనం కొంగులూ తువ్వాళ్ళూ ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు.

"ఏం వాసనవ్వా ఇది?" అని ఆ అమ్మాయే అడిగింది.

"బ్రేకులు కాలిన వాసన."

"నీకెట్ల తెలుసు?"

చెప్పాలంటే ధర్మవరం దాకా ఉన్న దూరం చాలదు. అందుకని కిటికీ వైపు తిరిగి ఊరుకున్నాను. ఇంటికి వచ్చాక కూడా ఆ వాసన వదల్లేదు. రాస్తే వదులుతుందేమోనని రాస్తున్నాను.

మా ఇంటి పేరు రాయను. తెలిసినవాళ్ళకు చెప్పనక్కర లేదు, తెలియనివాళ్ళకు చెప్పి ఇప్పుడు చేసేదేమీ లేదు. పరిగికి అవతల ఒక ఊరు. వేరుశనగ కాయ మూటలు నిండుగా వేసుకొన్న ఎద్దులబండి వంగకుండా దూరేంత గేటు ఉండేది మా ఇంటికి. నాకు బుద్ధి తెలిసేనాటికి ఆ గేటులోంచి దూరేందుకు బండ్లు లేవు. వానలు రాని ఏండ్లు కొన్ని చేలను తిన్నాయి, నీళ్ళు పడని బోర్లు కొన్నిటిని తిన్నాయి, మా తాతకూ ఆయన తమ్ముళ్ళకూ నడిచిన వ్యాజ్యాలు తక్కినవి తిన్నాయి. మిగిలింది ఇల్లు, గేటు, ఒక వ్యాను. వాటికి వారసురాలిని నేను. ఇంటికి పెద్దదాన్ని, చిన్నదాన్ని కూడా నేనే. ఇంకొకరు పుట్టలేదు.

ఆ వ్యానును మా తాత పంట బాగా పండిన ఆఖరి ఏడు కొన్నాడు. మా ఇంటి ఆడవాళ్ళు పెళ్ళిళ్ళకు పోయేటప్పుడు రోడ్డు మీది జనం కంట పడకూడదని కొన్న బండి అది. కిటికీలకు నీలం పరదాలు. కూర్చునే చోట దూది పరుపులు. తాత పోయాక పెళ్ళి పిలుపులు తగ్గాయి, బండి ఎద్దుల కొట్టంలో నిలిచిపోయింది. ఎద్దులను అమ్మేశాక ఆ కొట్టం ఖాళీగానే ఉండేది. అందులోకి పోతే పాత గడ్డి, పేడ, డీజిలు మూడూ కలిసిన వాసన వచ్చేది. పరుపుల దూదిలో ఎలుకలు పిల్లలు పెట్టాయి. నేను బడి లేనప్పుడు పోయి స్టీరింగు ముందు కూర్చొని హారను కొట్టేదాన్ని. లోపలి నుంచి అవ్వ, "ఎవురొచ్చినారు చూడండ్రా" అని లేని పనివాళ్ళను కేకేసేది.

అవ్వ అంటే మా నాయన తల్లి. పొద్దంతా పంచలో కూర్చొని రోట్లో వక్కాకు దంచుకుంటూ ఇల్లు నడుపుతున్నాననుకొనేది. నడిపేది మా అమ్మ. అమ్మది చిలమత్తూరు పక్క ఊరు, కన్నడ దేశానికి ఆనుకొని ఉంటుంది. ఎక్కాలన్నీ కన్నడంలోనే చదివేది. అత్త వింటుండగా మొగునితో నేరుగా మాట్లాడకూడదని మా ఇంట్లో ఒక మర్యాద. అందుకని అమ్మ నాయనకు చెప్పవలసిందంతా నాకు చెప్పేది. నాయన అక్కడే ఉన్నా సరే, "మీ నాయనతో చెప్పు" అనేది. నేను చెప్పనక్కర లేకుండానే ఆయన జవాబు నాకు చెప్పేవాడు.

ధర్మవరం నుంచి ఒక చీరల వ్యాపారి తాత కాలం నుంచీ మా ఇంటికి వచ్చేవాడు. అందరూ ఆయన్ను శావుకారి అనేవాళ్ళు. మా ఇంటి పెళ్ళిళ్ళకు పట్టుచీరలన్నీ ఆయన మగ్గాలవే. కొనేవాళ్ళు లేకపోయినా ఏడాదికొకసారి వచ్చి, మూట విప్పకుండా పంచలో కూర్చొని, కాఫీ తాగి పోయేవాడు. ఆయన వస్తే అవ్వ పంచ కడిగించి చాప వేయించేది. ఆ ఏడు కాఫీ తాగుతూ కొట్టం వైపు చూశాడు.

"బండి ఊరికే నిలబడుకోనుండాది కదా సామీ" అన్నాడు. "వారానికొక తూరి హిందూపురం నుంచి నాకు పట్టునూలు వస్తాది. లారీలో యేస్తే వాన తగుల్తాది, ఎండ తగుల్తాది. మీ బండికి పరదాలుండాయి. మీరు పంపిస్తే మీకూ రెండు దుడ్లు, నాకూ నిమ్మళం."

అవ్వ రోకలి ఆగిపోయింది. నాయన గోడ మీది తాత పటం వైపు చూశాడు.

"చూద్దాంలే శావుకారీ" అన్నాడు.

మా ఇంట్లో చూద్దాం అంటే వద్దని అర్థం. శావుకారికీ అది తెలుసు. లేచి నమస్కారం పెట్టి పోయాడు.

ఆ సాయంత్రం అమ్మ వంటింట్లోంచి గట్టిగా అంది: "పాపా, బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే అడుగు తగుల్తాండాదని చెప్పు మీ నాయనకు."

నాయన పంచలోనే ఉన్నాడు. తర్వాత రోజూ సాయంత్రం అదే మాట వినబడింది, డబ్బా మూత చప్పుడుతో సహా. కడకు ఒక పొద్దున నాయన ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చి వంటింటి గడప అవతల నిలబడి, నాతో చెప్పాడు.

"బండిని పంపేది లేదు. నేనే తీసుకొని పోతా. మీ అవ్వ, నువ్వు లోపల కూచోవల్ల. శావుకారి ముందర నా పక్కన కూచుంటాడు. మూటలు సీట్ల కింద ఉంటాయి. చూసినోళ్ళకు మనం చీరలకు ధర్మవరం పోతాండామని అనిపించల్ల. బాడుగ అనే మాట ఈ ఇంట్లో ఎవురి నోటా రాకూడదు."

అవ్వ తల ఊపింది. "ఆయప్ప మన బండిలో వస్తాండాడు. ఆయప్ప మూటలు ఆయప్ప యెంబడి వస్తాండాయి. అందులో ఏముండాది తప్పు?"

అమ్మ పొయ్యిలో పుల్ల ముందుకు తోసింది.

అయితే బండి కదలాలి కదా. సైలెన్సరు తుప్పు పట్టి, గొట్టంలో పిడికిలి పట్టేంత చిల్లి పడింది. ఇంజను వేస్తే ఊరి కుక్కలన్నీ మా గేటు ముందు చేరేవి. బ్రేకు తొక్కితే పెడలు నేల దాకా పోయేది, ఏమీ పట్టేది కాదు. రోడ్డు మీద మెకానిక్కు షెడ్డు ఉంది. అక్కడికి నాయన పోనన్నాడు.

"మన బండి చక్రాలు ఊడబెరికి రోడ్డు పక్కన నిలబెడ్తే హిందూపురం పోయే బస్సులన్నీ చూసిపోతాయి. ఇంట్లోనే చేస్తా."

గేటు మూసేశారు. నాయన బండిని జాకీతో ఎత్తి, కింద రాగులు నూర్చే రాతిగుండు దొర్లించి పెట్టాడు. తెల్లచొక్కా విప్పి ఎద్దులను కట్టే గూటానికి తగిలించి, బనియనుతో బండి కిందికి దూరాడు. ఎవరైనా గేటు తడితే బయటికి వచ్చి, చేతులు తుడుచుకొని, చొక్కా తొడిగి గుండీలన్నీ పెట్టుకొన్నాకే "ఎవరూ?" అనేవాడు. అప్పటికి వచ్చినవాళ్ళు సగం మంది వెళ్ళిపోయేవాళ్ళు.

ముందు సైలెన్సరు పట్టుకున్నాడు.

"మొదట బ్రేకు చూడమను పాపా" అంది అమ్మ.

"చప్పుడు ఊరందరికీ వినపడ్తాది" అన్నాడు బండి కింద నుంచి. "బ్రేకు సంగతి నా ఒక్కనికే కదా తెలిసేది."

ఇప్పుడు తలచుకుంటే మా ఇంటి చరిత్రంతా ఆ మాటలోనే ఉందనిపిస్తుంది. ఆ రోజు మాత్రం అది నాకు సరైన మాటగానే తోచింది.

చిల్లికి ఏమి పూయాలన్న దగ్గర అవ్వ పంచ దిగి వచ్చింది. "ఈ ఇంటి గోడలు యేంటితో నిలబడుకోనుండాయిరా? గారతో. బెల్లం, కరక్కాయ నీళ్ళు పోసి నూరిన సున్నం. మీ తాత నాయన కట్టించినాడు, ఈ పొద్దుకూ మేకు దిగదు. దాన్ని పూయి" అంది. నాయనకు అది నచ్చింది. అవ్వ కూర్చొని చెప్తుంటే నేను తొట్టిలో సున్నం, ఇసుక, బెల్లం నీళ్ళు కలిపి నూరాను. బెల్లం ఉంది కదా అని అంచు మీది గారను వేలితో తీసి నాలుక మీద పెట్టుకొని, నాలుక పొక్కి, ఆ రాత్రి మజ్జిగన్నం కూడా తినలేకపోయాను. నాయన ఆ గారను చిల్లి మీద మెత్తి, పైన నూనె డబ్బా రేకు కత్తిరించి చుట్టి, ఇనుప తీగతో బిగించి కట్టాడు. ఆరేదాకా ఎవర్నీ కొట్టంలోకి రానివ్వలేదు.

ఆరాక ఇంజను వేశాడు. చప్పుడు లేదు. పొగ మాత్రం పాకం పొగ. కాలిన బెల్లం వాసన గోడ దాటి వీధంతా పోయింది. పక్కింటామె గోడ మీదుగా తల పెట్టింది.

"ఏం పండగవ్వా మీ ఇంట్లో? పాకం పడ్తాండారు!"

బండి మరమ్మతు అని ఎట్లా చెప్పేది? "ఓళిగలు చేస్తాండాము" అంది అవ్వ, కనురెప్ప కొట్టకుండా.

"అట్లయితే మా పిల్లోనికి ఒకటి పంపవ్వా, వానికి ఓళిగంటే పానం."

"ఒకటేంది, తట్టనిండా పంపుతా."

అంతే, ఓళిగలు చేయక తప్పలేదు. అమ్మ ఉగాదికని దాచిన శనగబేడలు తీసి, నానేసి, ఉడికించి, రుబ్బి, పొద్దు గుంకేదాకా పెనం ముందు కూర్చుంది. తట్ట పక్కింటికి పోయింది. మాకు మిగిలినవి తలా ఒకటి. అవ్వ తనది తింటూ, "తీపి కొంచెం తగ్గింది" అంది. అమ్మ నా వైపు చూసింది. నవ్విందో ఏడ్చిందో వెలుతురు చాలక తెలియలేదు.

తర్వాత బ్రేకులు. చక్రాలు ఊడదీసి లోపల తుడిచి, తుప్పు గీకి, మళ్ళీ బిగించాడు నాయన. ఇక గొట్టాల్లో నూనె పోసి గాలి తీయాలి. బండి కొన్నప్పుడు బెంగుళూరులో ఎవరో చేస్తుంటే చూశాడట. నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాడు.

"తొక్కు అంటే తొక్కల్ల. పట్టు అంటే అట్లే పట్టుకోవల్ల. నేను చెప్పేదాకా వదలగూడదు."

బ్రేకు నూనె పోసే గిన్నెలో చుక్క లేదు. బ్రేకు నూనె అంటే హిందూపురంలో స్పేరు పార్టుల అంగడికి పోవాలి. ఆ అంగడివాడు ఒకప్పుడు మా చేలు గుత్తకు చేసినవాని కొడుకు.

"వాని అంగట్లో నిలబడి నేను అడగల్లా?" అన్నాడు నాయన.

"నేను పోయి తెస్తా నాయనా" అన్నాను.

"మన ఇంటి ఆడపిల్ల ఇనుప సామాన్ల అంగడికి పోతాదా! నోరు మూసుకో."

అప్పుడు అవ్వ అంది: "నూనెకేమి తక్కువరా మన ఇంట్లో? జాడీలో గానుగ నూనె లేదా? మన బాయి కింది చేని కాయది. ఊర్లో వాళ్ళ నూనెలన్నీ దాని కాలిగోటికి చాలవు."

ఆ జాడీ సంగతి చెప్పాలి. బావి కింది చేను మాకు మిగిలిన కడపటి చేను. అమ్మే ముందు ఏడు పండిన కాయను గానుగ ఆడించి, ఆ నూనెను అమ్మ జాడీలో పోసి గుడ్డ కట్టి అటక మీద పెట్టింది. పండక్కు ఒక గరిటె, తాత దినానికి ఒక గరిటె తీసేది. అది పనికొస్తుందో లేదో తెలియదని ఒప్పుకోవడం నాయనకు చేతకాదు.

"నూనె నూనే కదా" అన్నాడు. "జాడీ దించమను."

అమ్మే దించి తెచ్చింది. గుడ్డ విప్పగానే కొట్టమంతా వేయించిన శనక్కాయల వాసన నిండింది. నాయన గరిటెతో బ్రేకు గిన్నెలో పోస్తూ ఉన్నాడు, నేను తొక్కుతూ ఉన్నాను. "తొక్కు. పట్టు. వదులు." గొట్టం చివర బుడగలతో నూనె వచ్చి కింద పెట్టిన సత్తుగిన్నెలో పడేది. దాన్ని మళ్ళీ పోసేవాడు. చేయగా చేయగా పెడలు కాలి కింద గట్టిపడింది. నా కాలి కింద ఒక బండి నిలబడింది అనిపించిన ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది. నాయన బయటికి పాకి వచ్చి, మొహం మీద నూనె మరకతో, నన్ను చూసి నవ్వాడు. ఆయన నవ్వగా నేను చూసింది తక్కువ.

అమ్మ జాడీ వంచి అడుగు చూసుకొని లోపలికి పోయింది.

ఊర్లో ఒక చుట్టు తిప్పి చూశాం. చప్పుడు లేదు, బ్రేకు పడుతుంది. అవ్వ గేటు దగ్గర నిలబడి మెటికలు విరిచింది. శావుకారికి కబురు పోయింది. ఆయన చెప్పిన రోజు రావడానికి ఇంకా వారం పైన పట్టింది. ఆ వారమంతా ఆ నూనె గొట్టాల చివర రబ్బర్లను లోలోపల నానబెట్టి ఉబ్బిస్తూ ఉందని మాలో ఎవరికీ తెలియదు.

ఆ పొద్దున అవ్వ కనకాంబరం రంగు పట్టుచీర కట్టుకుంది. క్యారియరులో పులిహోర, క్యానులో మజ్జిగ పెట్టించింది. నాకు పెద్ద జడ వేసి పూలు పెట్టారు. అమ్మ గేటు తెరిచి, "బ్రేకు చూసుకొని పొమ్మను" అంది నాతో. హిందూపురంలో శావుకారి నూలు మూటలతో నిలబడి ఉన్నాడు. నాయన దిగి, చుట్టాన్ని పిలిచినట్టు, "రా శావుకారీ, కూచో" అని తలుపు తీశాడు. మూటలు సీట్ల కింద, పైన మేము, కిటికీలకు పరదాలు. అవ్వ మాటిమాటికీ పరదా జరిపి, తెలిసినవాళ్ళెవరైనా చూస్తున్నారేమోనని చూసేది.

పెనుకొండ దగ్గర పడేసరికి బండి బరువెక్కింది. ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టు ఉంది. నాయన యాక్సిలేటరు ఇంకా తొక్కాడు. తర్వాత వాసన మొదలైంది.

"ఎవురో వడలు కాలుస్తాండారు పాపా" అంది అవ్వ. మళ్ళీ ఒకసారి పీల్చింది. "నూనె మంచిదే. మన గానుగ నూనె మాదిరుండాది."

ముందు నుంచి శావుకారి కూడా, "అవునవ్వా, నాకూ కడుపులో ఆకలి లేస్తాండాది" అన్నాడు.

ఊరు దాటాక దిగుడు. నాయన కాలు పైకీ కిందికీ ఊరికే ఆడుతోంది. కాలిన చక్రాల దగ్గర నూనె కారిపోయి, ఉబ్బిన రబ్బర్లతో అంతదాకా పట్టుకొనే ఉన్న బ్రేకు ఇప్పుడు పూర్తిగా వదిలేసింది. నాయన గేరు కిందికి దించాడు. ఇంజను అరిచింది, ఆ అరుపుకు సైలెన్సరు గార పెళ్ళలు పెళ్ళలుగా ఊడి రోడ్డు మీద పడింది. మూసిన చప్పుడంతా ఒక్కసారి బయటికి వచ్చింది. అవ్వ నన్ను వాటేసుకుంది. రోడ్డు పక్క ఎవరో రైతు కాయ పెరికాక పశువుల మేతకని ఎండిన శనక్కాయ చెట్ల కట్టెను వామి వేసి ఉన్నాడు. నాయన బండిని తిప్పి నేరుగా ఆ వామిలోకి తోలాడు.

బండి సగం దాకా దూరి నిలిచింది. ఎండుకట్టె దుమ్ములో కాసేపు ఏమీ కనబడలేదు. అంతలో శావుకారి కేక: "నూలు! సామీ, నూలు! చక్రం పొగొస్తాండాది!"

కాలుతున్న చక్రాల చుట్టూ ఎండుకట్టె. ఒక్క రవ్వ పడితే చాలు, పట్టునూలూ బండీ వామీ అన్నీ పోతాయి. నాయన దూకి వెనక తలుపు తీసి మూటలు భుజాన వేసుకొని రోడ్డుకు మోశాడు. ఆయన మూట మోయగా నేను చూడడం అదే మొదటిసారి. నేనూ మోశాను, శావుకారీ మోశాడు. అవ్వ మజ్జిగ క్యాను తెచ్చి చక్రం మీద గుమ్మరించింది. చుయ్యిమని పోపు పెట్టినట్టు చప్పుడైంది. వామి రైతు బిందెతో నీళ్ళు పట్టుకొని పరిగెత్తి వచ్చాడు. పోసి, కట్టె దూరం లాగేసి, ఎవరికీ ఏమీ కాలేదని చూసుకొన్నాక నడుము మీద చేయి పెట్టుకొని అన్నాడు.

"ఏమబ్బా, బండి మేతకొచ్చిందా?"

శావుకారి అప్పటికే బ్రేకు గిన్నె మూత తీసి వేలు ముంచి వాసన చూస్తున్నాడు. నాలుక మీద కూడా పెట్టుకున్నాడు.

"సామీ, ఇది తినే నూనె కదా!"

"తినే నూనేంది" అంది అవ్వ, తడిసిన పట్టుచీర కుచ్చెళ్ళు పిండుకుంటూ. "మా గానుగ నూనె. మీ ధర్మవరంలో దొరికేది కాదు."

ఇక ఆగలేకపోయారు. రైతు నేల మీద కూలబడి నవ్వాడు. శావుకారి బండికి ఆనుకొని కండ్లనీళ్ళు కారేదాకా నవ్వాడు. అది ఎగతాళి నవ్వు కాదు. భయం తీరిన నవ్వు. నాకూ వచ్చింది. నాయన మొహం చూసి మింగేశాను.

శావుకారి తువ్వాలుతో కండ్లు తుడుచుకొని నాయన భుజం మీద చెయ్యి వేశాడు. "ఏమప్పా, ఒక మాట అడిగింటే నేనే ఒక సీసా తెచ్చిస్తా ఉంటి. పోనీలే, నూలుకేం కాలేదు. బండిని పెనుకొండ షెడ్డులో యేద్దాం, నేను చేయిస్తా. వచ్చే వారం నుంచి మావోడు తోల్తాడు. నువ్వు ఇంట్లో నిమ్మళంగా కూచో, నీ బాడుగ నీకొస్తాది."

అంతదాకా ఆయన నాయనను సామీ అనే పిలిచాడు, మీరు అనే అన్నాడు. ఇప్పుడు అభిమానంతోనే నువ్వన్నాడు. ఇంటి నుంచి తెచ్చిన ఆ అమరికంతా, పరదాలూ పట్టుచీరా పులిహోరా అంతా, ఆ బాడుగ అన్న ఒక్క మాటతో రోడ్డు మీద పడింది. నాయన జుట్టులో శనక్కాయ ఆకు ఉంది. భుజం మీది చెయ్యిని మెల్లగా తీశాడు. వెన్ను నిలబెట్టి నిలుచున్నాడు.

"మాది బాడుగ బండి కాదు శావుకారీ."

"నేను తప్పుగా అనలేదప్పా."

"తెలుసు."

శావుకారి అటుగా వచ్చిన లారీని ఆపి మూటలు ఎక్కించుకొని, అవ్వకు నమస్కారం పెట్టి పోయాడు. రైతు ట్రాక్టరు మా బండిని ఇంటిదాకా లాగింది. తాడుతో లాగుతున్న బండిలో నాయన దారి పొడుగునా రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకొని, తానే తోలుతున్నట్టు ముందుకు చూస్తూ కూర్చున్నాడు. అవ్వ పరదాలన్నీ మూసేసింది.

అమ్మ గేటు తెరిచింది. మా ఒళ్ళు తడిమి చూసి, తర్వాత నన్ను పక్కకు పిలిచింది. "శావుకారి మళ్ళా రమ్మన్నాడా?"

నాయన అన్న మాట చెప్పాను. విని, కొంగుతో నా మొహం మీది దుమ్ము తుడిచింది. కొన్నాళ్ళకు ఒక పొద్దున నన్ను వెంటబెట్టుకొని బస్సెక్కింది. మా ఇంటి కోడలు బస్సెక్కడం అదే మొదలు. అవ్వ పంచలోంచి, "యాడికి?" అంటే, "ధర్మవరం" అంది. అంతే అంది. శావుకారి ఇంటి ముందు నిలబడి, తల మీద కొంగు లాక్కొని, "ఇంట్లో కూచొని చేసే పనేమన్నా ఉంటే ఇప్పించండన్నా" అని అడిగింది. ఆయన ఏమీ అడగలేదు. నూలు కట్టలు, కండెలు, ఒక పాత రాట్నం ఇప్పించాడు. కండెలు చుట్టడం నేర్చుకునేదాకా ఆ ఇంటామె పక్కన అమ్మ వారం పొద్దులు కూర్చుంది.

ఆ తర్వాత మా నడిమింట్లో రాట్నం తిరగడం మొదలైంది. చుట్టిన కండెలు బస్సులో ధర్మవరం పోయేవి, కొత్త నూలు వచ్చేది. బియ్యం డబ్బా అడుగు మళ్ళీ చేతికి తగల్లేదు. అవ్వ మొదట్లో ఆ గది వైపు తల తిప్పేది కాదు. తర్వాత్తర్వాత తెగిన పోగులు ఏరి ఇచ్చేది. నాయన మాత్రం రాట్నం చప్పుడు మొదలవుతూనే కొట్టంలోకి పోయేవాడు. చొక్కా విప్పి బండి కిందికి దూరేవాడు. శావుకారి మనిషి నూలు తెచ్చి గేటు తడితే బయటికి వచ్చేవాడు కాదు. బండి కింద రెంచి చప్పుడు వినబడేది.

పెండ్లాం కూలి మీద వచ్చిన అన్నం ఆ మనిషి ఎట్లా తింటాడు? ఆ సంగతి అమ్మకు తెలుసు. మధ్యాహ్నం అన్నం వండాక నాతో అనేది: "బండి పని యాడికొచ్చిందో అడుగు మీ నాయనను. పని నడుమ ఆకలి తెలీదు మగోళ్ళకు."

"ఇంకా ఉండాది" అనేవాడు బండి కింద నుంచి. "తిని మళ్ళా చూస్తా."

పనిలోంచి లేచి వచ్చిన మనిషిలాగా చేతులు కడుక్కొని పీట మీద కూర్చునేవాడు. ఏండ్ల తరబడి అట్లాగే గడిచింది. అవ్వ పోయింది, నా ద్వారా మాట్లాడడం మాత్రం అమ్మకు అలవాటై నిలిచిపోయింది. నేను హిందూపురం కాలేజీకి పోయేదాన్ని. ఒకరోజు నాయన ఎటో చూస్తూ, "వచ్చేటప్పుడు ఆ స్పేరు పార్టుల అంగట్లో బ్రేకు రబ్బర్లు, నూనె అడిగి తీసుకొని రా" అన్నాడు. తెచ్చాను. ఉబ్బిపోయిన పాత రబ్బర్లు ఆయనే పీకేశాడు, కొత్తవి వేశాడు, నేను సీట్లో కూర్చొని తొక్కాను. సైలెన్సరుకు కొత్త రేకు చుట్టి తీగ కట్టాడు. బండి అంతా సరిగ్గా అయిపోయింది. అప్పటికి శావుకారికి సొంత వ్యాను వచ్చి ఉంది. మా బండిని అడిగేవాళ్ళు ఎవరూ లేరు.

ఆ మరుసటి రోజు నాయన కొట్టం గడప మీద ఊరికే కూర్చున్నాడు. మధ్యాహ్నం అమ్మ అడగమన్న మాట అడిగాను. "అయిపోయింది" అన్నాడు. "ఆకలి లేదు." మరునాడూ అదే జవాబు. ఆ తర్వాత కూడా మజ్జిగ తాగి ఊరుకున్నాడు. ఇంట్లో రాట్నం తిరుగుతుంటే ఆయనకు పోవడానికి ఒక చోటు లేకుండా పోయింది.

ఒక మధ్యాహ్నం ఆయన పంచలో కునుకు తీస్తున్నాడు. రాట్నం ఆగిపోయిందేమిటని నేను అమ్మను వెతుక్కుంటూ కొట్టంలోకి పోయాను. అమ్మ కాళ్ళు బండి కింద నుంచి కనిపించాయి. చీర మోకాళ్ళ కాడికి చెక్కుకొని, వెల్లకిలా పడుకొని, పట్టు పోగులు విడదీసే ఆ వేళ్ళతో సైలెన్సరుకు కట్టిన తీగను ఒక్కొక్క మెలికే విప్పుతోంది. నన్ను చూసి ఉలిక్కిపడలేదు.

"మీ నాయనకు ఆకలి కావల్ల కదా" అంది.

మరుసటి పొద్దున నాయన ఎందుకో ఇంజను వేసి చూశాడు. కొట్టం అదిరిపోయింది. కుక్కలు మొరిగాయి. ఆపి, చొక్కా విప్పి, కిందికి దూరాడు. చాలాసేపు చప్పుడు లేదు. తీగ తెగి ఉంటే కొస కనబడేది. తెగలేదు, చక్కగా విప్పి ఉంది. ఆయనకు తెలియకుండా ఎట్లా ఉంటుంది? బయటికి వచ్చి కొట్టం మధ్య నిలబడి, నాతో కాకుండా, వంటింటి కిటికీతో అన్నాడు.

"ఈ తీగ వట్టి కంప, నిలబడదు. మళ్ళా కట్టల్ల."

లోపల గరిటె చప్పుడు ఆగింది. నేను వినగా ఎన్నడూ ఆయనతో నేరుగా పలకని మా అమ్మ, నా పేరు అడ్డం పెట్టుకోకుండా జవాబు చెప్పింది.

"మెల్లగా కట్టండి. తొందరేముండాది?"

ఆ బండి ఇక గేటు దాటలేదు. తీగను ఆయన ఎన్నిసార్లు కట్టాడో, ఆమె ఎన్నిసార్లు విప్పిందో నేను చూడలేదు. ఆ మాట వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు అనుకోగా నా చెవిన పడలేదు. ఇద్దరూ పోయారు, ఇల్లూ పోయింది, నేను ఉన్నాను. నాకూ ఎవరినీ అడగడం చేతకాదు. నా కోసం తీగ విప్పేవాళ్ళు మాత్రం ఎవరూ దొరకలేదు.

ఆ పూట నాయన చేతులు కడుక్కొని వచ్చి పీట మీద కూర్చున్నాడు. తలెత్తకుండా తిన్నాడు. అమ్మ అడగకముందే ఆకు కొంచెం ముందుకు జరిపి, మారు అన్నం పెట్టించుకున్నాడు.